చదువును చదవడం ఏమిటండీ?

ప్రశ్న: మాది గాజువాక. మావారిది స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని. మా పాప బీఎస్సీ మ్యాథ్స్ చివరి ఏడాదిలో ఉంది. సాయంత్రాలు వీధిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమ్మా అంటే, కాదు, ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తానంటోంది. మా ఆడపడుచు అయితే 'చదువును చదవడం ఏమిటి, కొత్తగా వింటున్నాం' అని ఒకటే నవ్వు. అది చదివితే టీచరు ఉద్యోగం వస్తుందా? బీఈడీకీ దానికీ తేడా ఏమిటి? ఉన్నది ఒక్కతే కూతురు, దూరం పంపాలంటే భయం. పాప కూడా ఒక పేజీ రాసింది, జత చేస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు నవ్వితే నవ్వారు గానీ, అడిగింది మంచి ప్రశ్నే. బీఈడీ, ఎడ్యుకేషన్ రెండూ ఒకటేననుకుని చేరిపోయి, ఏడాది తర్వాత లబోదిబోమంటూ వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. మీరు ముందే అడిగారు, నయం.

ముందు సూటిగా జవాబు. ఎంఏ ఎడ్యుకేషన్ ఒక్కటే చేతిలో ఉంటే ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం రాదు. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీకి అప్లై చేయడానికే వీల్లేదు. హైస్కూల్లో లెక్కల టీచరు కావాలంటే డిగ్రీ, బీఈడీ, ఆపైన టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష పాసై ఉండాల్సిందే. అలాగని ఎంఏ దండగ చదువేమీ కాదు. దాని పని వేరు. ఆ పని ఏమిటో మీ పాప తన పేజీలో తెలియకుండానే రాసేసింది.

ట్యూషన్‌లో నాలుగో తరగతి పిల్లాడు 203 లోంచి 78 తీసేస్తే 275 అని వేశాడట. ఆమె ఇంటూ కొట్టి వదిలేయలేదు. 'ఎలా వేశావురా, చెప్పు' అని అడిగింది. 'పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి కదక్కా' అన్నాడు. 3, 8 లలో పెద్దది 8, అందులోంచి 3 పోతే 5. 0, 7 లలో పెద్దది 7, అందులోంచి సున్నా పోతే 7. మిగిలిన 2 దించేశాడు. 203 రూపాయల్లో 78 ఖర్చుపెడితే 275 మిగిలే పర్సు ఉంటే మనందరికీ తలా ఒకటి కావాలి. కానీ చూడండి, వాడు ఎక్కడా తడబడలేదు. ఎవరో చెప్పిన ఒక మాటను రూలుగా పట్టుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తీసివేతల్లో పిల్లలు చేసే తప్పులు చాలావరకు అజాగ్రత్త కాదు, వాళ్లు మనసులో కట్టుకున్న తప్పు పద్ధతిని నిక్కచ్చిగా అమలు చేయడమేనని 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు పెద్ద వ్యాసమే రాశారు. మీ గాజువాక పిల్లాడిది వాళ్ల జాబితాలో ఉన్న తప్పే.

ఇప్పుడు తేడా చెబుతాను. బీఈడీ బాగా చదివిన టీచరమ్మ ఈ పిల్లాడి ముందు పుల్లల కట్టలు పెడుతుంది. పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి, పక్కింట్లో సున్నా ఉంటే ఆ పై ఇంటికి వెళ్లాలి అని నేర్పించి, నాలుగు రోజుల్లో 125 అనిపిస్తుంది. ఎడ్యుకేషన్ చదివినవాళ్లు అక్కడితో ఆగరు. ఈ తప్పు ఎన్ని బళ్లలో ఎంతమంది చేస్తున్నారు? పాఠ్యపుస్తకంలో మధ్యలో సున్నా ఉన్న తీసివేత ఎప్పుడు వస్తుంది? టీచర్ల ట్రైనింగులో ఈ ముక్క ఎవరైనా చెబుతున్నారా? పరీక్ష పేపరు ఈ తప్పును పట్టుకుంటోందా, మార్కు కోసి ఊరుకుంటోందా? ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అని కాదు. ఒకరు పిల్లాడి పక్కన కూర్చుంటారు, ఇంకొకరు వంద మంది పిల్లల నోట్‌పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు.

అందుకే ఆ ఎంఏలో ఫిలాసఫీ, సైకాలజీ, సోషియాలజీ, కొంత ఎకనామిక్స్ అన్నీ చదువు చుట్టూ తిరుగుతాయి. సిలబస్ ఎలా తయారవుతుంది, పరీక్షలు ఏం కొలుస్తాయి, 1964–66లో దేశంలో చదువుల తీరును పరిశీలించిన కొఠారీ కమిషన్ నుంచి 2020 జాతీయ విద్యా విధానం దాకా ఎవరు ఏం చెప్పారు, ఏది అమలైంది, ఏది కాగితం మీద ఉండిపోయింది అన్నవి కూడా. వినడానికి పొడిగా ఉంటుంది. కానీ మన పక్కనే పాడేరు వైపు చూడండి. కువి అనే గిరిజన భాష మాట్లాడే ఇంట్లోంచి వచ్చిన పిల్ల ఒకటో తరగతిలో కూర్చుంటే టీచరు తెలుగే ఆమెకు పరాయి భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది భాషల్లో మాతృభాషతో మొదలుపెట్టే బడులు నడిపారు. ఏ భాషలో మొదలుపెట్టాలి, తెలుగులోకి ఎప్పుడు మారాలి, ఆ భాష వచ్చిన టీచర్లు ఎక్కడ దొరుకుతారు? ఇవి తేల్చడానికి మంచి మనసుంటే సరిపోదు, దీన్ని చదివినవాళ్లు కావాలి. మనకు అలాంటివాళ్లు తక్కువ.

సరే, అసలు టెన్షన్ దగ్గరికి వద్దాం. ఉద్యోగం.

బీఈడీ, డీఎస్సీ అని మీరన్నది తెలిసిన దారి. కానీ అందులోనూ గతుకులున్నాయి. 2018 డీఎస్సీ తర్వాత పోస్టులు నింపింది మళ్లీ 2025 మెగా డీఎస్సీలోనే. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో బీఈడీ పూర్తిచేసి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మెగా డీఎస్సీలో మొత్తం పోస్టులు 16,347. వాటిలో 6,371 ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టులు. ఇవి బీఈడీ వాళ్లకు కావు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదు, చిన్న తరగతుల టీచర్ల డిప్లొమా అయిన డీఎడ్ ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంకా చాలా ఇళ్లలో 'బీఈడీ ఉంటే ఏ టీచరు పోస్టైనా రాయొచ్చు' అనే అనుకుంటున్నారు, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను. మీ పాపకు మిగిలేది ముఖ్యంగా లెక్కల స్కూల్ అసిస్టెంటు, అంటే హైస్కూలు టీచరు పోస్టు. డిగ్రీలో మ్యాథ్స్ ఉంది కాబట్టి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో కూడా మ్యాథ్స్ మెథడాలజీ, అంటే లెక్కలు చెప్పే పద్ధతుల సబ్జెక్టు తీసుకోవచ్చు. అది ఆమెకు కలిసొచ్చే విషయం. లెక్కల టీచరుకు ప్రైవేటు స్కూళ్లలోనూ ఎప్పుడూ గిరాకీయే.

ఎంఏ ఎడ్యుకేషన్‌తో వచ్చే ఉద్యోగాలకు డీఎస్సీ లాంటి ఒకే పెద్ద గుమ్మం ఉండదు. చిన్న చిన్న తలుపులు చాలా ఉంటాయి. ప్రథమ్, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటి పిల్లల చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో టీచర్లతో కలిసి పనిచేయడం, పాఠాలు, పరీక్ష ప్రశ్నలు తయారుచేసే కంపెనీలు, ప్రభుత్వ ప్రాజెక్టుల్లో సర్వేలు, పరిశోధన. 2005లో ప్రథమ్ మొదలుపెట్టిన అసర్ సర్వే గురించి పేపర్లో చదివే ఉంటారు. బడికి వెళ్లకుండా ఇళ్లకే వెళ్లి, పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివించి చూస్తారు. మ్యాథ్స్ చదివిన అమ్మాయికి అలాంటి అంకెల పని బాగా నప్పుతుంది. అయితే వీటిలో చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉండే ఉద్యోగాలు. పర్మనెంట్, పెన్షన్ అనే లెక్కలో చూస్తే మీకు నిద్ర పట్టదు. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

యూనివర్సిటీ వైపు ఇంకో దారి ఉంది. కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బీఈడీ కాలేజీలో ఫిలాసఫీ, సైకాలజీ లాంటి ఫౌండేషన్ పేపర్లు చెప్పే లెక్చరరు కావడానికి టీచర్ల శిక్షణను చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో రెండు మార్గాలున్నాయి. ఒకటి సోషల్ సైన్సెస్ పీజీతో పాటు ఎంఈడీ, అంటే బీఈడీ తర్వాత చేసే పీజీ. రెండోది ఎంఏ ఎడ్యుకేషన్‌తో పాటు బీఈడీ. అన్నిట్లోనూ 55 శాతం ఉండాలి. రెండో మార్గాన్ని మళ్లీ ఒకసారి చదవండి. ఎంఏ ఒక్కటే అయితే అక్కడ కూడా తలుపు సగమే తెరుచుకుంటుంది.

అందుకే మీ ఇద్దరిలో ఎవరు చెప్పింది రైటు అంటే, ఇద్దరిదీనూ. వరస మాత్రం మీది తీసుకుందాం. ముందు బీఈడీ, అదీ ఇంటి దగ్గరే. 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు, అందులో 20 వారాలు బడిలోనే గడపాలి. ఆంధ్రా యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ విభాగం ఉంది, గాజువాక నుంచి బస్సెక్కితే ఇంటి భోజనం తప్పదు. ఆ తర్వాత టెట్ రాసేయాలి. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాలం విలువ ఉంది. అప్పుడు ఎంఏ. మొత్తం నాలుగేళ్లవుతుంది, నిజమే. కానీ రెండో సగంలో ఆమె చేతిలో జీతం వచ్చే అర్హత ఒకటి ఉంటుంది. స్కూల్లో పాఠం చెబుతూనే ఇగ్నో దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్ చేయొచ్చు, వాళ్ల రీజినల్ సెంటర్ విశాఖలోనే ఉంది. అప్పటికి మీ భయం కాస్త తగ్గితే బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది, అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం చేస్తారు. మీవారి జీతం తక్కువని ఆ పేరు ముందే కొట్టేయకండి.

బీఈడీ కాలేజీ విషయంలో ఒక హెచ్చరిక. 'రావక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, రికార్డులు మేమే చూసుకుంటాం' అనే కాలేజీ ఎంత దగ్గరున్నా వద్దు. నేను చదివినప్పుడు బీఈడీ ఏడాదే. మా కాలేజీలో సగం ఏడాది పూర్ణా మార్కెట్ వైపు చార్టులు, థర్మోకోల్ కొనడంలోనే పోయింది. రాత్రుళ్లు కూర్చుని స్కెచ్ పెన్నులతో బోర్డర్లు గీసేవాళ్లం. తీరా మొదటిరోజు టీచింగ్ ప్రాక్టీస్‌లో ఎనిమిదో తరగతి ముందు నిలబడితే, నేను రాసుకున్న లెసన్ ప్లాన్ నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో పన్నెండు నిమిషాలకే అయిపోయింది. మిగతా ముప్పై మూడు నిమిషాలు ఏం చేశానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. రికార్డుకు మాత్రం మంచి మార్కులొచ్చాయి.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. సెమిస్టర్ సెలవుల్లో మీ పాపను దగ్గర్లోని బడికి, ప్రభుత్వ బడైతే మరీ మంచిది, రెండు వారాలు పంపండి. హెడ్మాస్టరుగారిని అడిగితే వెనక బెంచీలో కూర్చోనిస్తారు. టీచర్లు సెలవు పెట్టిన రోజు పీరియడ్ కూడా ఇస్తారు, ఆ సంగతిలో మీకు అనుమానం అక్కర్లేదు. రోజూ ఒక పేజీ రాసుకోమనండి. రెండు వారాల తర్వాత ఆ పుస్తకంలో 'ఈరోజు నా క్లాసు ఇలా జరిగింది' అన్న మాటలు ఎక్కువున్నాయో, 'ఈ పిల్లలు ఇలా ఎందుకు చేస్తున్నారు' అన్న ప్రశ్నలు ఎక్కువున్నాయో చూద్దాం. మొదటిదైతే ఎంఏ సంగతి ఆమే మరిచిపోతుంది. రెండోదైతే ఎంఏ కోసం బెంగళూరు పంపే విషయం మీరు మీవారితో కూర్చుని మాట్లాడుకోవాల్సి ఉంటుంది, ఇప్పుడే ఆయనకు ఓ మాట చెప్పి ఉంచండి.

ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ రండి. ఎడ్‌సెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు వస్తే మంచిది. వీలైతే ఆ 275 వేసిన పిల్లాడి నోట్‌పుస్తకం కూడా తెండి, నాకు చూడాలనుంది.