తేయాకు పులుస్తుందా?

సందేహం: "తేయాకును కోసి, నలిపి, పులియబెడతారు" అని ఒకచోట చదివాను. పులుపే లేని టీకి ఆ మాట నప్పుతుందా? 'కిణ్వనం' అనాలా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: రెండూ నప్పవు.

'పులియు'లో ఉన్న 'పులి' పులుపే. పులుసు, పులిహోరల్లో ఉన్నదీ అదే. తడియు–తడిసింది లాగే పులియు–పులిసింది. (పిండి 'పులసింది' అని రాయకండి, పులస గోదారి చేప.) మినప్పప్పును అంటిపెట్టుకుని వచ్చే ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా రుబ్బిన పిండిలో చక్కెరలు తిని లాక్టిక్ ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడునూ వదులుతాయి. ఆమ్లంతో పులుపు, వాయువుతో పొంగు. అందుకే ఇడ్లీ పిండి పులిసిందన్నా పొంగిందన్నా ఒప్పే.

కల్లు దగ్గర కాస్త చిక్కుంది. అందులోని చక్కెరను ఆల్కహాలుగా మార్చేది ముఖ్యంగా ఈస్టు, పులుపు తెచ్చేది బాక్టీరియా. మనం రెండు పనులనూ కలిపి 'కల్లు పులిసింది' అనేస్తాం. నీరా కోసం లొట్టి లోపల సున్నం పూసేది ఈ రెంటినీ అడ్డుకోవడానికే.

ఇక మీ వైపు గోగునార సంగతి. కట్టలను చెరువులో ఊరవేస్తే, నారను కాండానికి అతికి ఉంచే పెక్టిన్‌ను బాక్టీరియా కరిగిస్తుంది, నార ఊడివస్తుంది. ఇదీ సూక్ష్మజీవుల పనే. కానీ 'గోగు పులియబెట్టాం' అంటే అక్కడి రైతు నవ్విపోతాడు.

పులుపుతో నిమిత్తం లేకుండా ఇలాంటి వాటన్నిటికీ కలిపి శాస్త్రగ్రంథాలు పెట్టుకున్న పేరు కిణ్వనం. సంస్కృతంలో 'కిణ్వం' అంటే సారా కాయడానికి వేసే తోడు. అర్థశాస్త్రం చెప్పే కిణ్వంలో మినుముల ముద్ద, బియ్యం ఉన్నాయి. ఇడ్లీకి సారాతో దూరపు చుట్టరికం ఉందన్నమాట!

మామూలు నల్ల టీ సంగతి వేరు. నలిపిన ఆకులో కణాలు చిట్లి, ఆకులోని ఎంజైములే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాన్ని నల్లబరుస్తాయి. దీనికి సూక్ష్మజీవుల అవసరం లేదు. ఇంగ్లీషు తేయాకు వ్యాపారంలో దీన్ని పాత అలవాటు కొద్దీ ఫెర్మెంటేషన్ అంటున్నారు. మనవాళ్ళు కళ్ళు మూసుకుని 'పులియబెట్టడం' అని దించేశారు. గడ్డిలో పెట్టిన మామిడికాయ తనంతట తాను మారినట్టే ఇదీ మారుతుంది కనుక 'మాగబెట్టడం' అనమని నా సలహా.

దీనికో అభ్యంతరం రావచ్చు. పచ్చిమేతను గాలి తగలకుండా పాతరవేస్తే లాక్టిక్ బాక్టీరియా దాన్ని నిజంగానే పులియబెడుతుంది. దానికి 'మాగుడు గడ్డి' అనే పేరుంది. అంటే పులిసేదాన్ని మాగిందంటున్నాం, మాగేదాన్ని పులిసిందంటున్నాం. 'పాతర గడ్డి' అన్న మాట కూడా వాడుకలో ఉంది కనుక మేతకు అదే వాడితే గొడవ ఉండదు.

చైనాలోని యునాన్‌లో తడి ఆకును గుట్టపోసి, బూజుల చేత మార్పించే పుయర్ టీ వంటి వాటికి మాత్రం కిణ్వనం అని నిరభ్యంతరంగా రాయవచ్చు.