మూడు నెలల కోర్సు చేస్తే డైటీషియన్ అయిపోతామా మేడమ్?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఎస్సీ న్యూట్రిషన్ ఫైనలియర్ చదువుతున్నా. మా క్లాస్‌మేట్ అక్క మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి ఇన్‌స్టాలో డైట్ చార్టులు అమ్ముతోంది, డబ్బులు బాగానే వస్తున్నాయంట. అది చూసి మా నాన్న ఇంకా రెండేళ్లు పీజీ ఎందుకు నువ్వూ అదే చెయ్యి అంటున్నాడు. నాకేమో ఆస్పత్రిలో పని చెయ్యాలని, ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) అవ్వాలని ఉంది. కానీ బయోకెమిస్ట్రీ అంటే భయం, ఒకసారి సప్లీ కూడా రాశా. ఏం చెయ్యమంటారు?

జవాబు: పీజీ చెయ్యమ్మా. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతావి చెప్తా.

మన దగ్గర ఆర్డీ అంటే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష పాసై రిజిస్టర్ అయిన వాళ్లు. ఆ అసోసియేషన్ 1963లో పెట్టారు. ఆ పరీక్షకి కూర్చోవాలంటే ఉత్త డిగ్రీ చాలదు, సబ్జెక్టులో పీజీ కావాలి, దానితో పాటు ఆస్పత్రిలో 6 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చెయ్యాలి. మూడు నెలల సర్టిఫికెట్‌కి అక్కడ విలువ లేదు. ఇంకో సంగతి మీ నాన్నగారికి చెప్పు, 2021లో పార్లమెంటు అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల వాళ్ల కోసం ఒక చట్టం చేసింది, అందులో డైటీషియన్లూ న్యూట్రిషనిస్టులూ కూడా ఉన్నారు. అంటే మన పనిని కూడా ఒక చదువు, ఒక రిజిస్టరు ఉన్న వృత్తిగా చూస్తున్నారు. నీకింకా ముప్పై ఏళ్ల సర్వీసుంది, రెండేళ్లకి భయపడొద్దు.

ఇప్పుడు బయోకెమిస్ట్రీ. నువ్వు దాన్ని క్రెబ్స్ సైకిల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే సబ్జెక్టు అనుకుంటున్నావు, అందుకే భయం. పది పన్నెండు రోజులు సరిగ్గా ఏమీ తినని మనిషి ఆస్పత్రికి వచ్చాడనుకో, ఇంట్లో వాళ్లు పాపం బక్కచిక్కిపోయాడు గట్టిగా పెట్టండి అంటారు, మనకీ అలాగే పెట్టాలనిపిస్తుంది. కానీ ఒక్కసారిగా నిండా ఫీడ్ ఇస్తే ఇన్సులిన్ పెరిగి రక్తంలో ఉన్న ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అన్నీ కణాల్లోకి వెళ్లిపోతాయి, రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే కొంచెం కేలరీలతో మొదలుపెట్టి, థయమిన్ (విటమిన్ బీ1) ముందే పడేలా డాక్టరుతో మాట్లాడి, రోజూ బ్లడ్ రిపోర్టు చూసుకుంటూ మెల్లగా పెంచుతాం. ఇదంతా బయోకెమిస్ట్రీయే కదమ్మా. నువ్వు సప్లీ రాసిన ఆ చాప్టర్లే మళ్లీ తియ్యి, ఈసారి ప్రతి పేజీ పక్కన ఒక పేషెంట్‌ని పెట్టుకుని చదువు.

కిడ్నీ పేషెంట్లూ అంతే. డయాలసిస్ మొదలవ్వకముందు ప్రొటీన్ తగ్గిస్తాం, మొదలయ్యాక రోజుకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా పెంచుతాం. ఒకే జబ్బు, ఒకే మనిషి, ఆర్నెల్ల తేడాలో చార్టు తిరగబడుతుంది. ఇన్‌స్టాలో అందరికీ పంపే పీడీఎఫ్‌కి ఇది ఎలా తెలుస్తుంది చెప్పు? ఆ అమ్మాయిని తప్పుపట్టట్లేదు, కానీ ఆ చార్టు కొనుక్కున్న వాళ్లలో ఒక కిడ్నీ పేషెంట్ ఉంటే అన్న ఆలోచన నాకు నిజంగా నిద్ర పట్టనివ్వదు.

ఇక ఇంటర్న్‌షిప్. నన్నడిగితే డైటీషియన్ తయారయ్యేది అక్కడే. నా మొదటి నెలలో ఒక పెద్దాయన ఉండేవాడు, రక్తంలో పొటాషియం 6 దాటింది, ఉండాల్సింది 3.5 నుంచి 5. చార్టులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వంటగది నుంచి వెళ్లే ట్రే కూడా సరిగ్గానే వెళ్తోంది, మరి ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అర్థం కాలేదు. మా సీనియర్ మేడమ్ నన్ను ఆయన మంచం పక్కన స్టూలేసి కూర్చోబెట్టి నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నాడో ఒక్కొక్కటీ అడగమంది. అరగంట మాట్లాడాక తెలిసింది, చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ చలవ చేస్తుందని కొబ్బరిబోండాలు తెస్తున్నారు, రోజుకి రెండు తాగుతున్నాడు, ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కొబ్బరినీళ్లు నీళ్ల లెక్కే కదా బిడ్డా, తిండెట్లయితది అన్నాడాయన. పోషకాల పట్టికలన్నీ నోటికొచ్చిన నాకు ఆ ఒక్క ప్రశ్న అడగడం రాలేదు ఆరోజు.

అందుకే ఇంటర్న్‌షిప్‌కి ఆస్పత్రి చూసుకునేటప్పుడు పేరు చూడకు. ఆర్డీ ఉన్న డిపార్ట్‌మెంటేనా, ఐసీయూ రౌండ్స్‌కి తీసుకెళ్తారా, ట్యూబ్ ఫీడ్ లెక్కలు నీతో వేయిస్తారా, డైట్ కిచెన్‌లో నిలబడనిస్తారా అని అడుగు. కొన్నిచోట్ల ఆరు నెలలూ ట్రేల మీద స్టిక్కర్లు అంటించే పని చేయించి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు, నా ఫ్రెండ్‌కి అలాగే అయింది, తర్వాత పరీక్షకి చాలా కష్టపడింది.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు, అది పెద్ద అదృష్టం. తార్నాకలో ఎన్‌ఐఎన్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్) ఉంది, 1918లో కూనూర్‌లో చిన్న యూనిట్‌గా మొదలై 1958లో మన ఊరికి వచ్చింది. వాళ్లు 2017లో తెచ్చిన ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్‌లో 528 ఆహార పదార్థాల విలువలున్నాయి, అది పక్కన పెట్టుకుని ఇప్పట్నుంచే మీ ఇంట్లో రోజూ తినే తిండిని లెక్కెయ్యి. మీ నాన్న తినే జొన్నరొట్టె ఎన్ని గ్రాములు, మీ అమ్మ పప్పు గరిటెకి ఎంత పప్పు పడుతుంది, ఆవకాయ ముక్కతో ఎంత ఉప్పు వెళ్తుంది. గరిటె నుంచి గ్రాముల్లోకి మార్చడం వస్తే వార్డులో సగం పని వచ్చినట్టే.

ప్రశ్న: అమెరికాలో ఆర్డీ అవ్వాలంటే న్యూట్రిషన్‌లో ఏ ఎంఎస్ అయినా సరిపోతుందా? మా అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సరిపోదమ్మా, మన పిల్లలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. 2024 జనవరి 1 నుంచి అక్కడి ఆర్డీ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ ఉండాలి, నిజమే. కానీ దాంతో పాటు ఏసెండ్ (అక్కడ డైటెటిక్స్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో కోర్స్‌వర్క్, కనీసం 1,000 గంటల సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్, అంటే సీనియర్ల పర్యవేక్షణలో పని, కూడా పూర్తి చెయ్యాలి. మామూలు న్యూట్రిషన్ ఎంఎస్ రీసెర్చ్‌కి బాగుంటుంది, పరీక్షకి మాత్రం దారి చూపించదు. పరీక్షలో 125 నుంచి 145 ప్రశ్నలు వస్తాయి, 50 స్కేల్ మీద 25 వస్తే పాస్. యూనివర్సిటీకి ఫీజు కట్టకముందే ఒక మెయిల్ పెట్టి రెండే అడుగు, మీ ప్రోగ్రాంకి ఏసెండ్ గుర్తింపు ఉందా, సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్ ఇందులోనే కలిసి ఉందా లేక నేనే వేరుగా వెతుక్కోవాలా అని. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మీ అన్నయ్యని డబ్బు కట్టమను.