పాఠకుల ప్రశ్న: ఎన్ని చిప్స్‌తో కూర్చోవాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బ్లైండ్లు (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 1-2గా ఉండే నో-లిమిట్ హోల్డెమ్ (పందేనికి పరిమితి లేని పోకర్) బల్లపై ఉచిత చిప్స్‌తో ఆడుతుంటాను. 80 చిప్స్‌తో కూర్చోవడం మేలా, 200తోనా? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఉచిత చిప్స్ అన్నారు కనుకనే జవాబిస్తున్నాము, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది.

ఇద్దరి మధ్య పందెం తక్కువ చిప్స్ ఉన్నవారి మేరకే సాగుతుంది కాబట్టి, ఎదుటివారి వద్ద 60 ఉంటే మీ 200లో 140కి పనే లేదు. ఆసు, రాజు చేతిలో ఉండి మీరు 6కు పెంచగా బిగ్ బ్లైండ్ (2 పెట్టినవారు) ఒక్కరే వచ్చారని, స్మాల్ బ్లైండ్ (1 పెట్టినవారు) వదిలేసిన 1తో కలిపి పాట్ (మధ్యలో పోగైన పందెం) 13 అయిందని, ఫ్లాప్‌లో (అందరికీ ఉమ్మడిగా బల్లపై తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆసు పడిందని అనుకుందాం. 80తో కూర్చున్నవారికి మిగిలేవి 74, అంటే పాట్‌కు ఆరు రెట్లు కూడా కావు. ఆ జతను నమ్ముకుని మొత్తం పెట్టేసినా చాలాసార్లు తప్పు కాదు. 200తో కూర్చున్నవారికి ఇంకా 194 ఉంటాయి. అవన్నీ పెట్టేదాకా వెనక్కు తగ్గని ప్రత్యర్థి వద్ద సాధారణంగా రెండు జతలో, అంతకు మించినవో ఉంటాయి.

చేతికే వచ్చే చిన్న జతల (రెండు అయిదుల వంటివాటి) లెక్క ఇందుకు తలకిందులు. ఫ్లాప్‌లో అదే అంకె మూడోది పడే అవకాశం సుమారు 12 శాతమే కనుక, పడిననాడు బాగా రాబట్టుకునేన్ని చిప్స్ ఇరువైపులా ఉంటేనే 6 పెట్టి చూడటం గిట్టుబాటవుతుంది.

దసరా సెలవుల్లో మన నల్లగొండ ఇళ్ళలో సాగే మూడు ముక్కలాటలోలాగే, ఉచిత బల్లలపైనా ఏం పట్టుకున్నా చివరిదాకా వచ్చేవారే ఎక్కువ. అందుకే మా ఓటు 200కే, కాకపోతే బ్లఫ్‌లు బాగా తగ్గించుకోవాలి. ఫ్లాప్ తర్వాత ఇంకా తడబడుతున్నట్లయితే మాత్రం కొంతకాలం 80తోనే, అదీ మీ వంతు చివరగా వచ్చే స్థానాల్లోనే ఎక్కువగా ఆడండి.