70 మంది శ్రోతలు, 8 స్పీకర్లు: వాన అందరి మీదా పడాలంటే

హాలు చుట్టూ ఎనిమిది స్పీకర్లు పెట్టి, వానా పక్షులూ బండి చప్పుడూ ప్రేక్షకుల చుట్టూ కదిలేలా ఒక శ్రవ్యనాటకాన్ని కూర్చానని మీరు రాశారు. మిక్సర్ దగ్గర మధ్యలో కూర్చుంటే అద్భుతంగా ఉన్నది, గోడవారన కూర్చున్నవారికి ఒకే స్పీకరు వినిపిస్తోందని, అందుకు పరికరాలు మార్చాలా అని అడిగారు. పరికరాలు మార్చనక్కరలేదు. మీరు ఒక్క కుర్చీ కోసం కూర్చిన శబ్దాన్ని డెబ్బై కుర్చీలకు వినిపిస్తున్నారు. ఇబ్బంది అక్కడ ఉన్నది.

ఈ పొరపాటు నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక కల్యాణమండపం అద్దెకు తీసుకుని 70 మందికి ఇలాంటి నాటకమే వినిపించాము. రెండు రాత్రులు మధ్య కుర్చీలోనే కూర్చుని మిక్సింగ్ ముగించాను. ప్రదర్శన అయ్యాక ఎడమ గోడ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, వాన మా మూలనే పడింది, అవతలివాళ్లు తడవలేదా?" అని అడిగారు. అందరూ నవ్వారు గానీ, మర్నాడు ఉదయం నేను కొలత టేపు పట్టుకుని ఆవిడ కుర్చీ దగ్గరికే వెళ్లాను.

ఎడమ గోడ స్పీకరు ఆ కుర్చీకి 1.5 మీటర్ల దూరంలో, కుడి గోడ స్పీకరు 8 మీటర్ల దూరంలో ఉన్నాయి. రెండూ చెవి ఎత్తులోనే ఉన్నాయి. శబ్దం మీటరు దూరం దాటడానికి సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కుడివైపు శబ్దం ఆవిడకు దాదాపు 19 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతోంది. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గుతుందనే లెక్కన, గోడల ప్రతిధ్వనిని పక్కన పెడితే, అది 14.5 డెసిబెళ్లు బలహీనంగా కూడా చేరుతోంది. ఈ రెండింటిలో ఆలస్యమే ఎక్కువ చేటు చేస్తుంది. జర్మనీలోని గాటింగెన్‌లో హెల్మట్ హాస్ 1949లో సమర్పించిన పరిశోధన చూపినట్టు, ఒకే మాట రెండు స్పీకర్ల నుంచి కొద్ది తేడాతో వస్తే, వెనుక వచ్చినది 10 డెసిబెళ్ల దాకా బిగ్గరగా ఉన్నా చెవి మొదట వచ్చిన దిక్కునే నమ్ముతుంది. ఆవిడ విషయంలో ముందు వచ్చినదీ, బిగ్గరగా ఉన్నదీ ఒకటే స్పీకరు. ఇక రెండోదానికి చోటెక్కడిది?

కనుక రెండు స్పీకర్ల నడుమ ఖాళీలో ఏదో ఉన్నట్టు భ్రమ కల్పించే పద్ధతిని గుంపు కోసం వాడవద్దని నా సలహా. 1997లో విల్లె పుల్కీ ప్రతిపాదించిన ప్యానింగ్ (ఒకే శబ్దాన్ని పక్కపక్క స్పీకర్లకు పంచి దిక్కు చూపించే) పద్ధతి అయినా, మామూలు స్టీరియో అయినా, శ్రోత అన్ని స్పీకర్లకూ ఇంచుమించు సమదూరంలో ఉన్నాడని ముందే అనుకుంటాయి. 1988లో బెర్ఖౌట్ ప్రతిపాదించిన, అసలు శబ్దతరంగాన్నే చాలా స్పీకర్లతో తిరిగి కట్టే తరంగక్షేత్ర పద్ధతి ఆ ఇబ్బందిని దాటగలదు గానీ, దానికి స్పీకర్లు బారులు తీరాలి. 15 సెంటీమీటర్లకొకటి చొప్పున పేర్చినా సుమారు 1,100 హెర్ట్జ్ పైన తరంగం చెదిరిపోతుంది. మన ఎనిమిదింటితో అయ్యే పని కాదు.

మలి ప్రదర్శనకు ముందుగా స్పీకర్లను నాలుగు మీటర్ల ఎత్తుకు లేపి, కిందికి వంచి కట్టించాను. కూర్చున్నవారి చెవి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, ఆ కుర్చీకి దగ్గరి స్పీకరు 3.2 మీటర్లకు జరిగింది, దూరపుది 8.5 మీటర్లయింది, 14.5 డెసిబెళ్ల తేడా 8.5కి దిగింది. పైగా ముందు వరుసవారి తలలు వెనుకవారికి అడ్డు రావడం మానేశాయి. అయితే ఎత్తు నుంచి పక్షులూ ఉరుములూ ఎంత సహజంగా ఉంటాయో, మనిషి గొంతు అంత అసహజంగా ఉంటుంది. అందుకే కథకుడి గొంతు కోసం వేదిక అంచున ఒక స్పీకరును కిందనే ఉంచాను. దానికి 10 మీటర్ల దూరంలో ఉన్న పక్క స్పీకర్లకు అదే గొంతును తక్కువ స్థాయిలో 40 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి పంపాను. అందులో 29 దూరానికి, మిగతాది హాస్ చెప్పినట్టు వేదిక గొంతే చెవికి ముందు చేరడానికి. మాట స్పష్టత పక్క స్పీకర్ల వల్ల వచ్చింది, దిక్కు మాత్రం వేదిక వైపే నిలిచింది. (జాతరల్లో స్తంభాలకు కట్టే కోను మైకులకు ఈ సర్దుబాటు ఉండదు; వంద మీటర్ల అవతలి మైకు 0.29 సెకన్లు వెనకబడి పలుకుతుంది కాబట్టి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.)

అసలు మార్పు వానలో చేశాను. మొదటిసారి ఒకే రికార్డింగును ఎనిమిదింటికీ పంపాను. మూలన ఉన్నవారికి దగ్గరి స్పీకరు ఒక్కటే వినిపించింది. మధ్యలో ఉన్నవారికి వాన తల లోపల పడుతున్నట్టుండి, మెడ కాస్త తిప్పగానే బోలుగా మారిపోయింది. ఈసారి ఇరవై నిమిషాల వాన రికార్డింగు తీసుకుని, నాలుగు నిమిషాల ఆ దృశ్యానికి ఒక్కో స్పీకరును రెండేసి నిమిషాల ఎడంతో వేర్వేరు చోట మొదలుపెట్టాను. వాన అదే, కానీ ఏ రెండు స్పీకర్లలోనూ ఒకే క్షణంలో ఒకే చినుకు లేదు. చెవి ఇక వాటిని ఒకటిగా కలపలేదు కనుక, ఏ కుర్చీకైనా దగ్గరి స్పీకరు కాస్త బిగ్గరగా ఉంటుందే తప్ప మిగతావాటిని మింగేయదు. చూరు నీళ్లు టపటపమనే చప్పుడును మాత్రం ఒకే ఒక స్పీకరులో పెట్టాను. ఒక శబ్దానికి ఒక స్పీకరు అన్నప్పుడు, డెబ్బై మందీ దాన్ని అదే చోట చూపించగలరు.

కదలికకూ అదే సూత్రం పనికొచ్చింది. ఎద్దుబండిని ఎడమ వెనుక నుంచి కుడి ముందుకు నునుపుగా జరిపితే, మూలనున్నవారికి బండి తమ దగ్గరే చాలాసేపు ఆగి, ఉన్నట్టుండి అవతల ప్రత్యక్షమైంది. అందుకని మెడగంటలను ఒక స్పీకరులో రెండుసార్లు మోగించి, చిన్న విరామమిచ్చి, పక్క స్పీకరులో మోగించాను. మధ్యనున్న దారిని వినేవారే పూరించుకున్నారు. నునుపైన కదలిక మీద మోజు వదులుకోవడం నాకు కష్టంగానే అనిపించింది.

గ్రానైటు నేల, నున్నటి గోడలు ఉన్న హాలైతే ఇవన్నీ సగమే పనిచేస్తాయి. టెంట్ హౌస్ పరదాలు పలచన కాబట్టి పెద్దగా లాభం లేదు. అక్కడే అద్దెకు తెచ్చిన దూది పరుపులను వెనుక గోడకు నిలబెడితే గణగణ బాగా తగ్గింది. ఖాళీ హాలులో ప్లాస్టిక్ కుర్చీల మధ్య చేసిన మిక్సింగును కూడా నమ్మకండి, మనుషులు నిండితే హెచ్చు శ్రుతి ధ్వనులు వారి బట్టల్లోనే ఇంకిపోతాయి. రిహార్సలుకు కనీసం పాతికమందిని పిలిచి గోడల పక్కనా మూలల్లోనూ కూర్చోబెట్టండి. మీరు కూడా మిక్సర్ వదిలి, మొదటి గంటంతా అన్నిటికన్నా చెడ్డ కుర్చీలో కూర్చుని వినండి.