గాలిమరల సైట్‌కి వెళ్ళే ముందు: నా మేనకోడలికి

చిన్నీ,

నీకు మొదటిసారి గాలిమరల ప్రాజెక్టు పర్యావరణ ప్రభావాన్ని అధ్యయనం చేసే పని అప్పగించారని, అదీ మన అనంతపురం వైపేనని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపికగా చదువు.

ముందు చట్టం సంగతి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ జాబితాలో గాలి కరెంటు లేదు. అంటే థర్మల్ ప్లాంటుకి అడిగినట్టు ముందస్తు పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ దీనికి అడగరు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని వైట్ కేటగిరీలో, అంటే కాలుష్యం దాదాపు లేని పరిశ్రమల జాబితాలో పెట్టింది. అటవీ భూమి తగిలితే ఆ అనుమతి వేరే. ఇంత అయ్యాక కూడా అధ్యయనం చేయిస్తున్నారంటే చాలాసార్లు అప్పిచ్చే బ్యాంకు అడగబట్టే. కాబట్టి నీ రిపోర్టు తర్వాత ఇంకో జల్లెడ ఉండదమ్మా, నువ్వు వదిలేసింది ఇక ఎవరూ పట్టుకోరు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

సైట్‌కి వెళ్ళగానే కన్ను మర మీదే పడుతుంది. నేలని నిజంగా మార్చేది మాత్రం దాని దాకా వేసే రోడ్డు. అరవై డెబ్బై మీటర్ల రెక్క ఒకే ముక్కగా ట్రైలర్ మీద రావాలి, దానికి వెడల్పాటి మలుపులు కావాలి, క్రేన్ నిలబడటానికి చదునైన జాగా కావాలి. మైదానంలో అయితే అంత ఇబ్బంది లేదు. కొండ మీదైతే ఒక పక్క తొలిచి ఆ మట్టిని ఇంకో పక్క లోయలోకి తోసేస్తారు, మొదటి పెద్ద వానకి అదంతా వంకలోకి, వంకలోంచి కుంటలోకి దిగుతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి పేరు వినే ఉంటావు. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు. కానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 1990ల నుంచి కాపాడి, పచ్చగా చేసుకున్న కొండలు అవి. గొర్రెలకి మేత, బోదగడ్డి, ఈత చెట్లు, కింద చెరువులకి నీళ్ళు అన్నీ అక్కడి నుంచే. మరల కోసం ఆ కొండలు తొలిచి రోడ్లు వేశారు, గొడవ పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. రికార్డులో బంజరు అని ఉంది కదా అని నువ్వూ బంజరు అని రాసేయకు. అక్కడ ఎవరి మందలు మేస్తున్నాయి, ఏ నెలలో, నీళ్ళు ఎక్కడ తాగుతున్నాయి, ఇవన్నీ అడుగు.

ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక సైట్‌కి ఏప్రిల్‌లో వెళ్ళి, ఎండిపోయిన వంక చూసి, నీటి ప్రవాహం లేదని రాసేశాను. రోడ్డు దానికి అడ్డంగా పోయింది, తూము కూడా పెట్టలేదు. అక్టోబర్‌లో మళ్ళీ వెళితే కింద కుంట నిండలేదు. ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని కట్ట వెంట నడిపించి, నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో చూపించాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి వానాకాలం చూడకుండా ఏ వంక గురించీ రాయలేదు.

పక్షులకీ అంతే, ఏడాది తిరగాలి. ఎండాకాలంలో ఖాళీగా కనిపించే గడ్డి మైదానంలో చలికాలం వచ్చేసరికి దూరదేశాల హారియర్ గద్దలు రాత్రిళ్ళు నేల మీద గుంపుగా పడుకుంటాయి. మన రోళ్ళపాడు పక్షుల అభయారణ్యంలో చూసేవాళ్ళం. ఎత్తైన చోట గంటలకొద్దీ కూర్చుని, ఏ పక్షి ఏ ఎత్తులో ఎటు పోతోందో రాసుకో, రెక్క తిరిగే ఎత్తులోంచి పోయేవి వేరుగా లెక్కపెట్టు. కరెంటు లైన్లు మర్చిపోవద్దు, మన రిపోర్టుల్లో బాగా తేలిగ్గా తీసుకునేది వాటినే. బట్టమేక పిట్టలు తీగలకి తగిలి చనిపోతున్నాయనే 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో వాటి చోట్ల లైన్లు భూమిలో వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని కొంత సడలించింది. చచ్చిన పక్షుల లెక్కే మొత్తం లెక్క అని కూడా అనుకోకు. మహారాష్ట్రలో సతారా దగ్గర చాల్కేవాడి పీఠభూమి మీద మరలున్న చోట వేటాడే పక్షులు బాగా తగ్గి, వాటికి ఆహారమయ్యే తొండలు పెరిగాయని 2018లో మన దేశ పరిశోధకులే చూపించారు.

గబ్బిలాలు ఎక్కువగా చనిపోయేది గాలి తక్కువగా ఉన్న రాత్రుల్లో. అలాంటి రాత్రుల్లో గాలి కొంచెం పుంజుకున్నాకే మర తిరిగేలా పెడితే చావులు బాగా తగ్గుతాయి, కరెంటు నష్టం కూడా కొద్దిదే. ఇది సిఫారసులో తప్పకుండా రాయి.

మరలు తిరగడం మొదలయ్యాక కింద కళేబరాలు వెతికిస్తారు. ఏమీ దొరకలేదంటే ఏమీ చావలేదని కాదు. కుక్కలు, నక్కలు తెల్లారేలోపు ఎత్తుకుపోతాయి, గడ్డిలో పడింది మన కంటికి ఆనదు. నువ్వే కొన్ని కోడిపిల్ల కళేబరాలు పెట్టి ఎన్ని రోజులుంటాయో, వెతికేవాళ్ళకి ఎన్ని దొరుకుతాయో చూసి, ఆ లెక్కతో సరిచేయాలి.

మనుషుల సంగతికొస్తే, రాత్రి పూట ఇళ్ళ దగ్గర 45 డెసిబెల్స్ దాటకూడదు, 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇంటికీ మరకీ 500 మీటర్లు ఉండాలి. రెక్కల నీడ ఆడే ఇళ్ళకి ఏడాదికి 30 గంటలు, రోజుకి 30 నిమిషాలు అనే హద్దు అంతర్జాతీయ బ్యాంకులు చూస్తాయి. కానీ మ్యాపులో ఊరే కనిపిస్తుంది, చేలల్లో పాకలు, గొర్రెల దొడ్ల దగ్గర పడుకునేవాళ్ళు కనిపించరు. నడిచి చూడాల్సిందే. ఒక రోజంతా ఏదైనా మంద వెంట తిరుగు, నీ సర్వేలో అంతకంటే పనికొచ్చే రోజు ఇంకోటి ఉండదు.

నేను గాలి కరెంటుకి వ్యతిరేకిని కాదని నీకు తెలుసు. బొగ్గు తగ్గాలంటే ఇవి రావాలి, ఇంకా చాలా రావాలి. అందుకే సరైన చోట రావాలని నా పట్టుదల. మరల స్థానాలు ఖరారైపోయాక నువ్వెంత మంచి రిపోర్టు రాసినా మొక్కలు నాటుతాం అనే పేరా దగ్గరే ఆగిపోతుంది. లేఅవుట్ ఇంకా పెన్సిల్ గీతగా ఉండగానే పట్టుకుని, ఈ మూడు మరలు ఇక్కడ వద్దు, ఈ రోడ్డు వంక పైనుంచి కాకుండా ఇటు తిప్పండి అని కారణాలతో సహా చెప్పు. పక్క కంపెనీ మరలనీ అదే మ్యాపు మీద పెట్టు, పక్షికి కంపెనీల సరిహద్దులు తెలియవు కదా. ఒత్తిడి వస్తుంది, రిపోర్టు తొందరగా ఇమ్మంటారు, టెన్షన్ పడకు. చూడని కాలం చూడలేదని రాసి ఇవ్వు, చూసినట్టు మాత్రం రాయకు.

లేఅవుట్ ఫైలు చేతికి రాగానే నాకు పంపు. వంకలు, కుంటలు అన్నీ దాని మీద గీసి ఆదివారం కూర్చుని చూద్దాం. దసరాకి ఎలాగూ వస్తున్నావుగా, అప్పుడు ఆ కొండ కలిసే ఎక్కుదాం.

మీ మామయ్య