బెత్తెడు ఎత్తు

తమ్ముడికి,

నీ ఫాంటసీ నవల చిత్తుప్రతి అందింది. రెండుసార్లు చదివాను, మొదట కథ కోసం, తర్వాత నువ్వడిగిన ప్రశ్న కోసం. "మా హీరో మరీ మంచివాడైపోయాడు, ఎవరూ నమ్మరేమోనని టెన్షన్‌గా ఉంది. అందుకే తాగుడు పెట్టాను, ముక్కుమీద కోపం పెట్టాను, చిన్నప్పుడు దొంగతనం చేసినట్టు రాశాను. సరిపోతుందా?" అని రాశావు.

సరిపోదు. ఆ మూడూ తీసేసి చదివి చూడు, నీ కథలో ఒక్క సంఘటన కూడా మారదు. మూడో అధ్యాయంలో పీకలదాకా తాగుతాడు, నాలుగో అధ్యాయంలో గుర్రమెక్కి ఎప్పటిలాగే గెలుస్తాడు. ఆ తాగుడు అతన్ని అంటలేదు, కథనీ అంటలేదు. నాయకుడి తప్పు అతని మంచితనంలోంచే పుట్టుకురావాలి. దాని బరువు ఇంకెవరి మీదో పడాలి. పడ్డ సంగతి కథ చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఇది నాకెలా తెలిసిందో చెప్పడానికే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి రామాలయం దగ్గర హరికథ పెట్టారు. ఆ రాత్రి ద్రోణవధ. దాసుగారు అప్పటిదాకా గజ్జెలు ఘల్లుమనేలా ఎగిరి కథ చెబుతున్నారు. ధర్మరాజు ఆ మాట అనే చోటికి రాగానే చిరతలు ఆపేశారు. కుడిచేతి నాలుగు వేళ్లు దగ్గరకు చేర్చి, అడ్డంగా గాల్లో పట్టుకున్నారు. "ఇదిగో, ధర్మరాజు రథం ఇన్నాళ్లూ నేలకి ఇంత ఎత్తున నడిచింది" అన్నారు. బెత్తెడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా ఆ చేతిని మెల్లగా దించుతూ, వంగి, అరుగు మీద ఆనించారు. ముందు వరసలో కూర్చున్న మా నాయనమ్మ "అయ్యో" అంది. యుద్ధంలో అంతమంది చచ్చిపోతుంటే అనని మాట, రథం బెత్తెడు దిగితే అంది.

ఎందుకు అందో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. కొడుకు అశ్వత్థామ చచ్చాడని భీముడు అరిస్తే ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజుని అడిగాడు. మూడు లోకాల రాజ్యం ఇస్తామన్నా అతను అబద్ధమాడడని గురువుకి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ కూడబెట్టుకున్న సత్యం ఉందే, ఆ రోజు ద్రోణుణ్ణి చంపడానికి పనికొచ్చిన ఆయుధం అదే. అబద్ధాలకోరు ఎవడన్నా ఆ మాట అని ఉంటే బాణం ఆగేది కాదు. చచ్చాడనే అన్నాడు ధర్మరాజు. చచ్చింది ఏనుగని చెప్పే "కుంజరః" అన్న మాట అతను గొంతులో అనుకున్నా, శంఖాల హోరులో కలిసిపోయినా, ఫలితం ఒకటే. ద్రోణుడు ఆయుధం వదిలేశాడు, ధృష్టద్యుమ్నుడు తల నరికాడు.

ఇంకో సంగతి చూడు. ఇది ఏడో పర్వం. పద్దెనిమిదో పర్వంలో, స్వర్గానికి వెళ్లాక, ధర్మరాజుకి కాసేపు నరకం చూపిస్తారు. నువ్వు ద్రోణుణ్ణి కపటంతో మోసగించావు కాబట్టి నీకూ కపటంగానే నరకం చూపించామని ఇంద్రుడు చెబుతాడు. మధ్యలో పట్టాభిషేకం అయింది, అశ్వమేధం అయింది, ముప్పై ఆరేళ్లు రాజ్యం అయింది. కథ మాత్రం మర్చిపోలేదు.

మహాభారతాన్ని ఫాంటసీ అనడం లేదు. మంత్రాలూ దివ్యాస్త్రాలూ ఉన్న కథలో మనిషిని ఎలా నిలబెట్టాలో మనం నేర్చుకునేది అక్కడే కాబట్టి ముందు అది చెప్పాను. ఇప్పుడు నువ్వు ప్రాణంగా చదివే పుస్తకానికే వస్తాను. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954, 55లో వచ్చింది. దాన్ని చెడ్డవాళ్ల మీద మంచివాళ్ల గెలుపుగా చదివి పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. ఆ అగ్నిపర్వతం అంచున ఏం జరిగిందో మళ్లీ చదువు. లోకాన్ని చెడుకి లొంగదీసే ఉంగరాన్ని నిప్పులో వేయడానికి తిండీ నీళ్లూ లేక పాక్కుంటూ అక్కడిదాకా వచ్చిన కథానాయకుడు ఫ్రోడో, ఆఖరి అడుగులో వేయనంటాడు. ఇది నాదంటాడు, వేలికి తొడుక్కుంటాడు. ఓడిపోయాడు. ఒకప్పుడు ఆ ఉంగరాన్ని దగ్గర పెట్టుకుని, దానికోసమే వెంటపడుతున్న గొల్లుమ్ మీదపడి అతని వేలు కొరికేసి, ఉంగరంతో సహా నిప్పులో పడబట్టి లోకం బతికింది. ఆ గొల్లుమ్ అప్పటిదాకా బతికున్నది ఎవరివల్ల? చంపగలిగి కూడా జాలిపడి వదిలేసిన ఫ్రోడో వల్ల, అతనికంటే ముందు ఆ ఉంగరం దొరికిన అతని బంధువు బిల్బో వల్ల. ఫ్రోడో ఓటమినీ అతని జాలినీ విడదీయలేం. నాయకుడిగా అతను విఫలమయ్యాడన్న సంగతిని టోల్కీన్ తర్వాత ఉత్తరాల్లో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు, అది నైతికంగా పతనం కాదని కూడా వాదించాడు.

ఇంటికొచ్చాక ఫ్రోడో ఎలా ఉన్నాడన్నది నాకు మరీ ఇష్టమైన భాగం. సొంత ఊళ్లో అతన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. ఏటా అదే రోజుకి పాత గాయం తిరగబెడుతుంది. రెండేళ్లు చూసి, ఇక ఉండలేక ఓడెక్కి వెళ్లిపోతాడు. తను కాపాడిన ఊళ్లో తనే ఉండలేకపోయాడు.

అన్ని కథలకీ ఇది కావాలని అనను. బేతాళ కథల ముగింపులో విక్రమార్కుడు "సాష్టాంగ నమస్కారం నాకు తెలియదు, నువ్వే చేసి చూపించు" అని సన్యాసిని నమ్మించి తల నరుకుతాడు. పచ్చి అబద్ధం. చిన్నప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం, ఆ కథకి అదే సరైన లెక్క. నువ్వు రాస్తున్నది ఆ రకం కథ కాదు. కాదని నీ ఏడో అధ్యాయమే చెబుతోంది.

అందులో ముసలి పడవాయన రాత్రిపూట నీ రాకుమారుణ్ణి ఏరు దాటిస్తాడు. కూలి తీసుకోడు. తన మూటలోంచి చద్దన్నం తీసి సగం పెడతాడు. దిగేటప్పుడు రాకుమారుడు "మీ ఊరికి ఏమీ కాదు తాతా, నాదీ పూచీ" అంటాడు. ఆ మాట నిజంగానే అంటాడు, అబద్ధం లేదు. ఎనిమిదో అధ్యాయంలో శత్రువులు ఆ ఊరిని తగలబెడతారు. రాకుమారుడు పిడికిలి బిగించి, ప్రతీకారం తీర్చుకుంటానని ప్రతిజ్ఞ చేసి, కోటవైపు వెళ్లిపోతాడు. నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. నీ నవల అంతా ఆ నాలుగు వాక్యాల్లో ఉంది తమ్ముడూ!

అతను మాట ఇవ్వకపోతే ఊరివాళ్లు ముందే అడవిలోకి పారిపోయి ఉండేవాళ్లేమో. రాకుమారుడి మాట కదా అని ఇళ్లల్లోనే ఉండిపోయారు. ఇచ్చిన మాట తప్పడన్న పేరే వాళ్ల కొంప ముంచింది. తాగుడూ దొంగతనమూ ఇంక దేనికి?

కోటకి పంపకు. ముందు ఆ ఊరికి పంపు. బూడిదలో నడిపించు. ప్రతిజ్ఞలు చేయించకు. బతికి బయటపడ్డవాళ్లలో ఒకరు ఎదురుపడి అతన్ని తిట్టకపోతే ఇంకా మంచిది. అలవాటు కొద్దీ దండం పెట్టి, కూర్చోమని పీట వేస్తే అతనేం చేస్తాడో రాయి. యుద్ధం గెలిచాక ఇంకెవరికో మాట ఇవ్వాల్సిన చోటు నీ ఇరవయ్యో అధ్యాయంలో ఎలాగూ ఉంది. అప్పుడు అతని నోరు పెగలకూడదు. ఎందుకో నువ్వు వివరించక్కర్లేదు, పాఠకుడికి చద్దన్నం గుర్తుంటుంది.

ఈ రెండు అధ్యాయాలే తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. అన్నట్టు, నీ పుస్తకంలో గుర్రానికి పేరుంది, కత్తికి పేరుంది, పడవాయనకి లేదు. ఆయనకో పేరు పెట్టు.

మీ అన్నయ్య