ఫర్నిచర్ ఎగుమతి: కస్టమ్స్ కాగితాలు, భద్రతా నిబంధనలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఫర్నిచర్ ఎగుమతికి సంబంధించినవే. కస్టమ్స్ కాగితాల గురించి ఏజెంటును, భద్రతా పరీక్షల గురించి ల్యాబును విడివిడిగా అడిగి, రెండింటికీ సంబంధం లేదనుకునేవారు చాలామంది ఉన్నారని వాటిని చదివితే తెలుస్తోంది. దిగుమతి చేసుకునే దేశపు కస్టమ్స్ అధికారి ముందుకు మాత్రం ఈ రెండూ ఒకే ఫైలుగా చేరతాయి. ఆ ఫైలులో ఏం రాయగలమన్నది చాలావరకు చెక్క కొన్ననాడే, బోర్డు ఎంచుకున్ననాడే తేలిపోతుంది కనుక జవాబులను కొంత వివరంగా ఇస్తున్నాము.

ప్రశ్న: మాది చెక్క ఫర్నిచర్ తయారుచేసే చిన్న సంస్థ. ఇంతవరకు కుర్చీలు, బల్లలు మాత్రమే ఎగుమతి చేశాము. ఇప్పుడు అమెరికా నుంచి నాలుగు సొరుగుల బీరువాలకు ఆర్డరు వచ్చింది. చట్రం గట్టి చెక్క. సొరుగుల అడుగుభాగం, వెనుక పలక ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో కలిపి నొక్కి చేసిన బోర్డు). "కంప్లయన్స్ (నిబంధనల పాటింపు) అంతా మీరే చూసుకోవాలి" అని కొనుగోలుదారు ఒక్క ముక్క రాశారు. దిగుమతిదారు ఆయనే కాబట్టి ఆ బాధ్యత ఆయనది కాదా? మేము ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమెరికా చట్టాల ప్రకారం ప్రభుత్వానికి జవాబుదారీ దిగుమతిదారే. కాని ఆయన సంతకం పెట్టే ప్రతి ధ్రువీకరణకూ ఆధారం మీ దగ్గరే పుట్టాలి. కాబట్టి బాధ్యత ఎవరిదన్న వాదనతో కాలం గడపకుండా, ఏ ఆధారం ఎవరు ఎప్పటికి ఇవ్వాలో ఆర్డరు ఒప్పందంలోనే రాయించుకోండి.

అన్నిటికంటే ముందు చూడవలసింది బీరువా ముందుకు పడిపోకుండా నిలబడుతుందా అన్నది. ఎందుకంటే మిగిలిన నిబంధనలకు కాగితాలు సమకూర్చుకోవచ్చు గాని దీనికి డిజైనే మార్చవలసి రావచ్చు. తెరిచిన సొరుగులను మెట్లుగా చేసుకొని పసిపిల్లలు పైకి ఎక్కడం, బీరువా వాళ్ల మీద పడడం, ప్రాణాలు పోవడం అమెరికాలో ఏళ్ల తరబడి జరిగింది. 2016 జూన్‌లో ఐకియా సంస్థ అక్కడ దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన స్టర్డీ చట్టం, దాన్ని అనుసరించి వినియోగ వస్తువుల భద్రతా సంఘం తప్పనిసరి చేసిన ఏఎస్‌టీఎం ఎఫ్ 2057-23 అనే బీరువాల నిలకడ ప్రమాణం ఈ మరణాల ఫలితమే. 2023 సెప్టెంబరు 1 తరువాత తయారైన బట్టల బీరువాలకు ఇది వర్తిస్తుంది. ఎత్తు 27 అంగుళాలు, బరువు 30 పౌండ్లు, లోపలి నిల్వ స్థలం 3.2 ఘనపు అడుగులు, ఈ మూడూ కనీసం ఇంత ఉంటే మీ బీరువా దీని పరిధిలోకి వచ్చినట్టే.

పరీక్షలో సొరుగులను లాగి, బట్టల బరువు నింపి చూస్తారు. ముందువైపుకు లాగే బలాన్ని ప్రయోగించి చూస్తారు. తివాచీ మీద పెట్టినప్పుడు ముందుకు వాలినట్టుగా వెనుకవైపు కింద దిమ్మ పెట్టి, 60 పౌండ్ల వరకు బరువున్న పిల్లవాడు సొరుగు పట్టుకొని వేలాడితే ఏమవుతుందో చూస్తారు. గోడకు బిగించే పట్టీ ఇచ్చాము కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఆ పట్టీ ఇవ్వవలసిందే, హెచ్చరిక లేబులు అంటించవలసిందే, కాని బీరువా ఆ పట్టీ సాయం లేకుండానే నిలబడాలి. సన్నని ఎండీఎఫ్ వెనుక పలక ఉన్న తేలికపాటి బీరువా సాధారణంగా ఇక్కడే దెబ్బతింటుంది. వెనుక అడుగున బరువు పెంచడం, సొరుగు బయటికి వచ్చే దూరాన్ని తగ్గించడం, ఒకసారి ఒకే సొరుగు తెరుచుకునేలా లాకు పెట్టడం వంటి మార్గాలు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా అది ధరలోను, కంటైనర్‌లో పట్టే సంఖ్యలోను కనిపిస్తుంది కాబట్టి నమూనా బీరువా పరీక్షలో నెగ్గిన తరువాతే ధర ఖాయం చేయమని మా గట్టి సలహా. ఆ పరీక్ష ఆధారంగా దిగుమతిదారు జారీచేసే ధ్రువపత్రం వివరాలను 2026 జూలై 8 నుంచి సరుకు ప్రవేశ సమయంలోనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాఖలు చేయాలన్న నియమం ఉంది. అంటే రిపోర్టు తరువాత పంపిస్తాము అనే వీలు ఇక లేదు.

రెండవది ఎండీఎఫ్. బోర్డులోని జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిమితులు పెట్టింది: గట్టి చెక్క ప్లైవుడ్‌కు 0.05 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల భాగాలలో ఒక భాగం), పార్టికల్ బోర్డుకు 0.09, ఎండీఎఫ్‌కు 0.11, 8 మిల్లీమీటర్లు లేదా అంతకంటే పలచని ఎండీఎఫ్‌కు 0.13. మీ వెనుక పలక బహుశా ఈ చివరి తరగతిలోకి వస్తుంది. బోర్డు తయారీదారుకు గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ ఉండాలి, మీరు కొన్న బిల్లు మీద ఆ మాట ఉండాలి, మీ బీరువాకు లేదా దాని పెట్టెకు తయారీ నెల, సంవత్సరంతో సహా లేబులు ఉండాలి. రికార్డులు కనీసం 3 ఏళ్లు దాచాలి. ధ్రువీకరించిన బోర్డు సరిపోక చివరి కొన్ని పలకలకు దుకాణంలో దొరికినది తెచ్చి వేయడం ఈ వృత్తిలో మామూలుగా జరిగే పొరపాటు. ఆ నాలుగు పలకల వల్ల లాటు మొత్తం అనుమానంలో పడుతుంది. పూతకు వాడే రంగులో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం కూడా దీనితోపాటు గుర్తుంచుకోండి.

మూడవది, అక్రమంగా నరికిన చెక్క వ్యాపారాన్ని నిషేధించే అమెరికా లేసీ చట్టం కింద ఇచ్చే డిక్లరేషన్. 2024 డిసెంబరు 1 నుంచి ఫర్నిచర్‌తో సహా మిగిలిన చెక్క వస్తువులన్నీ దీని పరిధిలోకి వచ్చాయి. ఇందులో చెక్క శాస్త్రీయ నామం, చెట్టు నరికిన దేశం, పరిమాణం, విలువ చెప్పాలి. "టేకు" అని రాస్తే చాలదు, టెక్టోనా గ్రాండిస్ అని రాయాలి. వ్యాపారంలో ఒకే పేరుతో వేర్వేరు జాతుల చెక్క అమ్ముతారు కాబట్టి, దుంగలు కొన్నప్పుడే జాతి పేరు, దేశం బిల్లు మీద రాయించుకోకపోతే తరువాత ఎవరూ చెప్పలేరు. రోజ్‌వుడ్ వర్గానికి చెందిన డాల్బెర్జియా జాతులన్నీ 2017 జనవరి 2 నుంచి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అనుబంధాలలో ఉన్నాయి; ఆ చెక్క వాడితే పర్మిట్ అవసరమా కాదా అన్నది ఉత్పత్తి మొదలుకాకముందే తేల్చుకోవాలి.

ఇక ఓడకు ఎక్కించే 24 గంటల ముందే దిగుమతిదారు తరఫున అక్కడి కస్టమ్స్‌కు ముందస్తు సమాచారం చేరాలి. తయారీదారు పేరు, కంటైనర్ నింపిన చోటు వంటి వివరాలు మీరే ఇవ్వాలి. వస్తువు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో, కొన్నవారి కంట పడేచోట, చెరిగిపోకుండా ఉండాలి.

ప్రశ్న: మా ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క బల్లల) మీద వేడిమి శుద్ధి ముద్ర స్పష్టంగా ఉంది. అయినా గమ్యస్థానంలో కంటైనర్‌ను ఆపేశారు. లోపల ఏదో చెక్క ముక్కకు ముద్ర లేదన్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: మీ బాధ అర్థం చేసుకోదగినదే గాని అధికారి చేసింది నిబంధన ప్రకారమే. ప్యాకింగ్ చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 ప్యాలెట్లకు, పెట్టెలకు మాత్రమే కాక, సరుకు కదలకుండా సందుల్లో దూర్చే దిమ్మలకు, ఆపులకు కూడా వర్తిస్తుంది. కంటైనర్ నింపే వేళ, తలుపు మూయబోయే ముందు, ఖాళీ కనిపించిందని పక్కన పడి ఉన్న పచ్చి చెక్క ముక్కను సుత్తితో కొట్టి బిగించడం లోడింగ్ చేసేవారికి అలవాటు. పురుగు దాగడానికి ఆ ఒక్క ముక్క చాలు.

చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు ఆగకుండా అందితేనే వేడిమి శుద్ధి జరిగినట్టు. దానికి సాక్ష్యం చెక్క మీది ముద్రే; విడిగా తెచ్చిన సర్టిఫికెట్ దాని స్థానాన్ని భర్తీ చేయదు. ముద్ర ఉన్న పలకను కోసి వాడితే సగం ముద్ర ముద్ర కిందికి రాదు. ప్యాలెట్‌లో మూడో వంతుకు మించి పలకలు మార్చితే పాత ముద్రలు చెరిపి, మళ్లీ శుద్ధి చేయించి, కొత్త ముద్ర వేయించాలి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు వంటివాటికి, 6 మిల్లీమీటర్లు అంతకంటే తక్కువ మందం గల చెక్కకు ఈ నియమం లేదు కాబట్టి, ఆపులకు ప్లైవుడ్ ముక్కలు ముందే కోయించి ఉంచుకోవడం అన్నిటికంటే సులువు.

ఇంకొక మాట. శుద్ధి చేసిన చెక్క అంటే ఎండిన చెక్క అని కాదు. తడి తగ్గని ప్యాలెట్లను మూసిన కంటైనర్‌లో వారాల తరబడి ఉంచితే ఆ తేమ పైకప్పుకు పట్టి, చుక్కలుగా పాలిష్ మీద పడి బూజు పడుతుంది. ప్యాలెట్ల తేమను కూడా మీటరుతో కొలవండి.

ప్రశ్న: ఒకే సోఫా నమూనాను బ్రిటన్‌కు, అమెరికాకు పంపాలనుకుంటున్నాము. అమెరికా అగ్నిభద్రత పరీక్షలో నెగ్గింది. బ్రిటన్‌కు అదే రిపోర్టు చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. ఈ రెండు దేశాలు అగ్ని ప్రమాదాన్ని రెండు విధాలుగా చూస్తాయి. కాలిఫోర్నియాలో పుట్టిన టీబీ 117-2013 ప్రమాణం 2021 జూన్ 25 నుంచి అమెరికా అంతటా అమలులో ఉంది. కాలుతున్న సిగరెట్ పడితే సోఫా లోలోపల రాజుకుంటుందా అన్నది మాత్రమే అది చూస్తుంది. బ్రిటన్‌లోని 1988 నాటి ఫర్నిచర్ అగ్నిభద్రత నిబంధనలు అక్కడ ఆగవు. పై గుడ్డకు అగ్గిపుల్ల మంట పరీక్ష కూడా పెడతాయి, లోపలి ఫోమ్‌కు విడిగా పరీక్ష పెడతాయి.

అలాగని బ్రిటన్ పరీక్షకు సరిపడే ఫోమ్ వాడి రెండు చోట్లకూ పంపుదామనుకుంటే మరో చిక్కు వస్తుంది. మంటను తట్టుకునేందుకు ఫోమ్‌లో, గుడ్డ వెనుక పూతలో సాధారణంగా మంట నిరోధక రసాయనాలు వాడతారు. కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి సోఫాల వంటి కుషన్ ఫర్నిచర్‌లో ఆ రసాయనాలు 1,000 పీపీఎం మించడాన్ని నిషేధించింది. ఒక దేశానికి మంచిదైన సరుకు మరొక చోట అమ్మకానికే పనికిరాకుండా పోతుందన్నమాట. చట్రం, కాళ్లు, కుట్టు కొలతలు ఉమ్మడిగా ఉంచుకొని, ఫోమ్, గుడ్డ, లేబులు మాత్రం దేశాన్ని బట్టి వేరుచేయండి. గోదాములో రెండు రకాల ఫోమ్‌ను వేర్వేరు గదుల్లో పెట్టండి. కోసిన తరువాత చూపుతో తేడా చెప్పడం చాలా కష్టం. లేబులు రెండు దేశాలలోనూ సోఫాకు శాశ్వతంగా అతికి ఉండాలి.

ప్రశ్న: యూరప్ కొనుగోలుదారు చెట్లు పెరిగిన భూమి అక్షాంశ రేఖాంశాలు అడుగుతున్నారు. దుంగలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. ఇది నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన అడవుల నరికివేత నిరోధక నియమావళి ప్రకారం, 2020 డిసెంబరు 31 తరువాత అడవి కొట్టివేసిన భూమి నుంచి వచ్చిన చెక్క, దానితో చేసిన ఫర్నిచర్ అక్కడి మార్కెట్లోకి రాకూడదు. దాన్ని నిరూపించడానికే భూమి ఆనవాలు. 4 హెక్టార్లు మించిన భూమికి ఒక బిందువు చాలదు, సరిహద్దు రేఖ మొత్తం ఇవ్వాలి. పది చోట్ల చెక్క కలిసిన లాటు అయితే పది చోట్ల వివరాలూ ఇవ్వాలి. దీని అమలు తేదీ రెండుసార్లు వాయిదా పడిన మాట నిజమే. కాని ఆ వాయిదాలు చూసి తాపీగా కూర్చోవద్దు. ఇవాళ కొని ఆరబెట్టే దుంగ అమలు మొదలయ్యాక ఫర్నిచరై ఓడ ఎక్కవచ్చు. కొనుగోలు రిజిస్టరులో భూమి వివరాలకు ఒక గడి ఇప్పుడే చేర్చండి.

యూరప్‌కు సంబంధించి మరో రెండు విషయాలు. 2024 డిసెంబరు 13 నుంచి అమలులో ఉన్న సాధారణ ఉత్పత్తి భద్రతా నియమావళి ప్రకారం ప్రతి వస్తువుకూ యూనియన్‌లోనే ఉన్న ఒక బాధ్యుడి పేరు, చిరునామా ఉండాలి. 2026 ఆగస్టు 6 నుంచి చెక్క ఆధారిత ఫర్నిచర్ నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరు గాలికి 0.062 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష పద్ధతి, కొలమానం వేరు కాబట్టి అమెరికా రిపోర్టు చూపించి ఇక్కడ గట్టెక్కలేరు.

ప్రశ్న: కొనుగోలుదారు సొరుగుల స్లైడర్లు, పిడులు తామే ఉచితంగా పంపుతామని, ఇన్‌వాయిస్‌లో వాటి ధర చూపవద్దని అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. ప్రపంచ వాణిజ్య సంస్థ విలువ నిర్ణయ ఒప్పందం ప్రకారం కొనుగోలుదారు ఉచితంగా లేదా తగ్గింపు ధరకు ఇచ్చిన భాగాలు, అచ్చులు, పనిముట్ల విలువను కూడా సుంకం లెక్కలో కలపాలి. కలపకపోతే తక్కువ విలువ చూపినట్టే అవుతుంది. విచారణ వస్తే మీ ఇన్‌వాయిస్‌నే సాక్ష్యంగా తీసుకుంటారు. ఆ భాగాలను ఇన్‌వాయిస్‌లో వేరే వరుసలో, "కొనుగోలుదారు ఉచితంగా సమకూర్చినవి, కస్టమ్స్ నిమిత్తం మాత్రమే విలువ" అని రాసి చూపండి. మీకు రావలసిన మొత్తంలో తేడా ఉండదు. వారు పంపే స్లైడర్లు మీరు పరీక్ష చేయించిన నమూనాలో ఉన్నవేనా అన్నది కూడా చూసుకోండి. స్లైడరు మారితే సొరుగు బయటికి వచ్చే దూరం మారుతుంది, దానితో బీరువా నిలకడ మారుతుంది. అప్పుడు కొత్త స్లైడర్లు బిగించిన బీరువాను తిరిగి పరీక్షకు పంపాలి.